కోతమిల్లు వేస్ట్ కట్టె నుంచి బొగ్గు, గ్యాస్ తీయడం: చేసినవాళ్లు కొంచెం చెప్పండి

కోతమిల్లు_దేవరకొండ

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర మాకు చిన్న కోతమిల్లు ఉంది, నాన్న కాలం నుంచి నడుస్తోంది. వేప, తుమ్మ, నీలగిరి ఎక్కువగా వస్తాయి. దుంగ కోస్తే నాలుగు పక్కలా వచ్చే బెరడు చెక్కలు, ముక్కలు, పొట్టు అన్నీ కలిపి రోజుకు క్వింటాలు పైనే మిగులుతుంది. ఇంతకుముందు హోటళ్ల వాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. ఇప్పుడు వాళ్లంతా గ్యాస్‌కు మారారు. ఇటుక బట్టీ వాళ్లు ఇచ్చే రేటు ట్రాక్టర్ కిరాయికి కూడా సరిపోవడం లేదు. మిల్లు వెనక కుప్ప గోడ ఎత్తు దాటింది. ఎండాకాలం దగ్గర పడుతుంటే ఆ కుప్పను చూస్తేనే టెన్షన్‌గా ఉంది. ఒక్క బీడీ ముక్క పడితే చాలు.

రెండు వారాల కింద ఒక 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి, అడుగున కన్నాలు కొట్టి, చెక్కలు నింపి అంటించాను. మంట బాగా పట్టాక కింద మట్టి కప్పి, పైన మూత వేసి మూసేశాను. పొగ ఎంత వచ్చిందంటే పక్క కాలనీ వాళ్లు పరుగున వచ్చారు. చిన్నపిల్లలు దగ్గుతున్నారని ఒక పెద్దావిడ కోప్పడింది, ఆమె కోపంలో తప్పేమీ లేదు. మరుసటి రోజు పొద్దున తెరిస్తే బొగ్గు వచ్చింది, పైన సగం మాత్రం బూడిదే. చల్లగానే ఉందనుకుని సంచులకు ఎత్తి షెడ్డులో పెట్టాను. రాత్రి పదకొండింటికి ఒక సంచి దానంతట అదే రాజుకుంది. నాన్న నిద్ర లేచి చూడకపోతే మిల్లు మిగిలేది కాదు.

ఇప్పుడు రెండు విషయాలు తెలుసుకోవాలి. పొగ లేకుండా బొగ్గు చేయొచ్చా? ఇదే కట్టెతో గ్యాస్ తీసి మిల్లు మోటర్ నడపొచ్చా?

కెమిస్ట్రీ_సార్_పాలమూరు

తమ్ముడూ, ముందు ఆ సంచి సంగతి చెప్తాను, మిగతావన్నీ తర్వాత. కొత్తగా దించిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. పీల్చుకునేటప్పుడు వేడెక్కుతుంది. సంచిలో కుక్కితే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు, లోపల లోపల పెరిగి అంటుకుంటుంది. చేతికి చల్లగా తగిలినా నమ్మొద్దు. దించిన బొగ్గును షెడ్డుకు దూరంగా, పలచగా పరిచి, ఒక రోజంతా గాలి పట్టనిచ్చిన తర్వాతే సంచులకు ఎత్తు. పక్కన రెండు బకెట్ల నీళ్లు ఉండాలి.

ఇక అసలు విషయం. కట్టె కాలడం వేరు, కట్టె విడిపోవడం వేరు. గాలి తగలకుండా వేడి చేస్తే కట్టె మండదు, ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. దీన్నే పైరాలసిస్ అంటారు. కట్టెలో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. వేడి పెంచుతూ పోతే మొదట నీరు ఆవిరవుతుంది. 220 డిగ్రీలు దాటాక హెమీసెల్యులోజ్ విడిపోవడం మొదలవుతుంది. 315 నుంచి 400 మధ్యలో సెల్యులోజ్ పోతుంది. లిగ్నిన్ మొండిది, 160 దగ్గర మొదలుపెట్టి 900 దాకా నెమ్మదిగా విడిపోతూనే ఉంటుంది. చివరికి బొగ్గుగా మిగిలేదాంట్లో ఎక్కువ భాగం లిగ్నిన్ నుంచి వచ్చిందే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. సుమారు 280 డిగ్రీల దాకా మనం వేడి ఇస్తూ పోవాలి. అది దాటాక కట్టె విడిపోతూ తనే వేడి వదలడం మొదలుపెడుతుంది. నువ్వు మూత వేశాక కూడా పొగ అంత ఉధృతంగా రావడానికి కారణం అదే. ఆ పొగలో ఏముందో చెప్తాను, నీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్, తారు ఆవిర్లు, ఎసిటిక్ ఆమ్లం, మిథనాల్. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పక్కన పెడితే మిగతావన్నీ మండేవే.

లెక్క చూడు. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,400 కిలోకేలరీలు. వంద కిలోలకు 4 లక్షల 40 వేలు. మట్టి బట్టీలో మంచి చెయ్యి పడితే 20 కిలోల బొగ్గు వస్తుంది. బొగ్గుకు కిలోకు 7,000 చొప్పున 1 లక్షా 40 వేలు. మిగతా 3 లక్షలు ఎక్కడికి పోయాయి? కొంత బట్టీ వేడికి, తడి ఆరడానికి పోతుంది. ఎక్కువ భాగం ఆ కాలనీ పిల్లల ఊపిరితిత్తుల్లోకి, ఆకాశంలోకి పోయింది. 3 లక్షల కిలోకేలరీలంటే మన ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్లు దాదాపు రెండు. అందులో సగమే మన చేతికి వచ్చిందనుకున్నా ఒక సిలిండర్.

నువ్వు బొగ్గును సరుకు అనుకుంటున్నావు, పొగను బాధ అనుకుంటున్నావు. పొగే అసలు ఇంధనం. దాన్ని గాలిలోకి వదలకుండా డ్రమ్ము కిందికి తిప్పి కాల్చు.

బట్టీబిడ్డ_కల్వకుర్తి

సార్ చెప్పింది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఇరవై ఏళ్లు సర్కారు తుమ్మ బొగ్గు కాల్చాడు. ఊళ్లు తిరిగి, చెరువు శిఖాల్లో, బంజర్లలో తుమ్మ కంపను గుత్తకు పట్టి, అక్కడే బట్టీ పెట్టేవారు. మొద్దులు నిలువుగా పేర్చి, సందుల్లో సన్న కట్టె దూర్చి, పైన గడ్డి కప్పి, తడి మట్టి మెత్తి, నెత్తిన నిప్పు వేసేవారు. పది రోజులకు పైగా పట్టేది. అన్ని రోజులూ మనిషి అక్కడే పడుకోవాలి. మేమూ అక్కడే. బడి అంటే ఏ ఊరి బట్టీ దగ్గర ఉంటే ఆ ఊరి బడి, లేదంటే లేదు.

నాన్నకు డిగ్రీలు తెలియవు. పొగ రంగు చూసి చెప్పేవాడు. తెల్లగా దట్టంగా వస్తే తడి పోతోంది. పసుపు తిరిగి కళ్లు మండితే కట్టె ఉడుకుతోంది. సన్నగా నీలంగా, అవతలి చెట్టు కనిపించేలా వస్తే అయిపోయింది, కన్నాలు మూసేయాలి. అరపూట ఆలస్యమైతే బొగ్గంతా బూడిద.

ఎక్కడైనా మట్టి కుంగితే పైకెక్కి పచ్చి మట్టి వేయాలి. అలా ఎక్కినప్పుడు ఒకసారి ఆయన కాలు మోకాలి దాకా లోపలికి దిగింది. నిప్పులో. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు అరవై దాటాడు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. అందుకే అడుగుతున్నాను సార్, పొగను కిందికి తిప్పి కాల్చడమనేది నిజంగా చేతనయ్యే పనేనా? అయితే ఇన్నేళ్లు మాకెవరూ ఎందుకు చెప్పలేదు?

కెమిస్ట్రీ_సార్_పాలమూరు

అమ్మా, చేతనయ్యే పనే, పాత పనే. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో భద్రావతి ఇనుప కార్ఖానా 1923లో మొదలైంది. అప్పట్లో దాని పేరే మైసూర్ వుడ్ డిస్టిలేషన్ అండ్ ఐరన్ వర్క్స్. ఇనుము కరిగించడానికి కట్టె బొగ్గు కావాలి, ఆ బొగ్గు చేసేటప్పుడు వచ్చే ఆవిర్లను చల్లార్చి ఎసిటిక్ ఆమ్లం, మిథనాల్, తారు తీసేవారు. పొగను పారేయకూడదని నూరేళ్ల కిందే తెలుసు. కాకపోతే అది పెట్టుబడి ఉన్నవాడి దగ్గర ఆగిపోయింది, ఊరూరూ తిరిగే బట్టీ మనిషి దాకా రాలేదు. మీ నాన్నగారి చేతిలో ఉన్న విద్య మాత్రం చిన్నది కాదు. ఆ పొగ రంగులు మేము పుస్తకంలో చెప్పే ఉష్ణోగ్రతలే.

మెకానిక్_సూర్యాపేట

అన్నా, నీ రెండో ప్రశ్నకు నేను చెప్తా. కట్టె గ్యాస్ ఇంజన్ నేను రిపేరు చేశాను, అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నా.

గ్యాస్ ప్లాంటులో కొంచెం గాలి ఇస్తాం. కొంత కట్టె మండి వెయ్యి డిగ్రీల పైన వేడి పుడుతుంది, ఆ వేడికి మిగతాది విడిపోయి, ఎర్రటి బొగ్గుల మధ్య నుంచి కిందికి దిగుతూ గ్యాస్ అవుతుంది. ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్, అంతకు కొంచెం తక్కువ హైడ్రోజన్, ఒకటి రెండు శాతం మీథేన్. సగం మాత్రం గాలిలోంచి వచ్చిన నైట్రోజన్, అది మండదు. అందుకే ఈ గ్యాస్ పలచన. పెట్రోల్ ఇంజన్‌ను దీనిమీద నడిపితే బలం దాదాపు సగానికి పడిపోతుంది. డీజిల్ ఇంజన్‌కైతే కొంచెం డీజిల్ నిప్పు రాజేయడానికి ఉంచి, 70 శాతం దాకా ఆదా చేయొచ్చు. ఒక యూనిట్ కరెంటుకు కిలో పావు దాకా ఎండు కట్టె పడుతుంది.

ఇదంతా వినడానికి బాగుంటుంది. చంపేది తారు. గ్యాస్ చల్లబడగానే తారు గడ్డకట్టి వాల్వులకు అతుక్కుంటుంది. నేను విప్పిన ఇంజన్‌లో ఇన్‌టేక్ పైపు లోపల వేలెడు మందం నల్ల జిగురు. కట్టెలో తడి 20 శాతం దాటినా, పొట్టు ఎక్కువ వేసినా, లోడు తగ్గి మంట చల్లబడినా తారు పెరుగుతుంది. కోతమిల్లు లోడు ఎలా ఉంటుందో నీకు తెలుసు. దుంగ పెట్టినప్పుడు ఒక్కసారిగా గుంజుతుంది, తర్వాత ఖాళీ. గ్యాస్ ప్లాంటుకు ఆ ఎగుడుదిగుడు అస్సలు పడదు. గ్యాస్‌ను నీళ్లతో కడిగితే ఆ నీళ్లు నల్లగా, కంపు కొడుతూ ఉంటాయి, వాటిని ఎక్కడ వదులుతావు?

వ్యవసాయానికి అనుకునేవాళ్లకు ఇంకో మాట. మన తెలంగాణలో 2018 జనవరి నుంచి బోర్లకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. బోరు కోసం కట్టె గ్యాస్ ఇంజన్ పెట్టడం దండగ. నీకు మిల్లు బిల్లు వస్తుంది కాబట్టి ఆశ ఉంటుంది, నేనైతే మాత్రం వద్దనే చెప్తా. వేడి కావాల్సిన చోట వేడిగానే వాడుకో.

మిర్యాలగూడ_బాయిలర్

మెకానిక్ అన్న మాటకు నా ఓటు. పదిహేనేళ్లుగా రైస్ మిల్లులో బాయిలర్ మీద ఉన్నాను. బాయిల్డ్ రైస్‌కు ఆవిరి కావాలి, మాకు ఊకే ఇంధనం. మేము గతంలో పని చేసిన ఒక మిల్లులో ఊకతో గ్యాస్ ప్లాంటు పెట్టారు. ఊకలో 15 నుంచి 20 శాతం బూడిదే, అందులో ఎక్కువ సిలికా. కట్టెలో బూడిద ఒక శాతం అటూ ఇటూ. అంటే నీ చెక్క మా ఊక కంటే చాలా మంచి సరుకు. అయినా మేము పడ్డ బాధ తారుతోనే. రెండేళ్లకు దాన్ని విప్పి ఇనుప సామాన్లకు వేశారు.

ఒక్క విషయం అడుగుతాను, మీ దగ్గర పలకలు ఆరబెట్టడానికి గది ఉందా? పచ్చి చెక్క అమ్మితే వంకర పోతుంది, పగుళ్లు వస్తాయి. ఆరిన చెక్కకు రేటు ఎక్కువ. నీకు కావాల్సింది 60, 70 డిగ్రీల వెచ్చటి గాలి. పొగ కాల్చిన వేడితో ఒక గది వేడి చేయడం ఏమీ కష్టం కాదు. పొగ నేరుగా చెక్కకు తగలకుండా మధ్యలో రేకు పైపుల గుండా పోనివ్వు.

కోతమిల్లు_దేవరకొండ

బాయిలర్ అన్నా, ఇది నా బుర్రకు తట్టనే లేదు. పలకలు ఎండలో నెలలు నెలలు పెట్టి ఆరబెడతాం, వానాకాలం వస్తే అన్నీ ఆగిపోతాయి. గది ఉంది, పాత గోదాము. మోటర్ సంగతి వదిలేస్తున్నా. ఇక పొగ కాల్చే డ్రమ్ము ఎలా కట్టాలో చెప్పండి.

ఇంకోటి. చౌటుప్పల్ వైపు కంపెనీల నుంచి పాత ప్యాలెట్లు, ప్లైవుడ్ ముక్కలు చవగ్గా ఇస్తామంటున్నారు. అవి కూడా వేయొచ్చా?

కెమిస్ట్రీ_సార్_పాలమూరు

ప్లైవుడ్ వద్దు. అందులో జిగురు ఫార్మాల్డిహైడ్ రకానిది. సన్‌మైకా అంటించినవి, రంగు వేసినవి, ప్లాస్టిక్ రేకు ఉన్నవి అసలు ముట్టుకోకు. పీవీసీ తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లు పుడతాయి, అవి ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోవు. ప్యాలెట్ల మీద ముద్ర ఉంటుంది, చూడు. దేశం దాటి వచ్చే ప్యాలెట్లకు పురుగు లేకుండా చేసి ముద్ర వేస్తారు. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించినది, వద్దు. ముద్ర లేనిది, మరకలు ఉన్నది, అదీ వద్దు. నీ మిల్లు చెక్క చాలు తమ్ముడూ, పక్కవాడి చెత్తకు ఆశపడకు.

మెకానిక్_సూర్యాపేట

డ్రమ్ము సంగతి. రసాయనాలు ఉన్న డ్రమ్ము తీసుకోకు. నూనె డ్రమ్మైనా ముందు రెండు మూతలూ తీసేసి ఒకసారి ఉత్త మంటలో కాల్చు, లోపలి రంగు, జిడ్డు పోవాలి. మూసి ఉన్న డ్రమ్మును ఎప్పుడూ గ్యాస్ కట్టర్‌తో కోయకు, పేలుతుంది.

ఇటుకలతో పొయ్యి కట్టి డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టు. మూతకు బోల్టులు. డ్రమ్ము నుంచి ఒకటిన్నర అంగుళం పైపు తీసి, కిందికి వంచి, డ్రమ్ము అడుగున పొయ్యిలో పొడుగ్గా పెట్టి, దానికి కన్నాలు కొట్టు. జీఐ పైపు వద్దు, వేడికి జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే జ్వరం. మామూలు నల్ల ఇనుప పైపు తీసుకో. డ్రమ్ము కింద పొయ్యిలో కట్టెతో మంట పెడితే మొదట పైపులోంచి ఆవిరి వస్తుంది, అది అంటుకోదు, కంగారుపడకు. గంట దాటాక ఆ కన్నాల్లోంచి మంటలు లేస్తాయి. అప్పటి నుంచి కింద కట్టె వేయాల్సిన పని ఉండదు, డ్రమ్ము తన పొగతో తనే కాలుతుంది.

రెండు జాగ్రత్తలు. ఆ పైపు ఎప్పుడూ మూసుకుపోకూడదు, తారు పట్టిందేమో ప్రతిసారీ పుల్ల పెట్టి చూడు. మంటలు తగ్గి ఆగిపోయాక మాత్రం పైపు మూతిని తడి మట్టితో మూసేయాలి. డ్రమ్ము చల్లబడుతూ గాలిని లోపలికి గుంజుకుంటుంది, ఆ గాలి లోపల మిగిలిన గ్యాస్‌తో కలిస్తే భగ్గుమంటుంది.

వంటమ్మ_నకిరేకల్

అన్నలకు, సార్‌కు నమస్తే. హాస్టల్లో వంట చేస్తాను. ఈ గ్యాస్‌ను పైపుతో వంటింట్లోకి తెచ్చుకోవచ్చా? సిలిండర్ల ఖర్చు చాలా అవుతోంది.

కెమిస్ట్రీ_సార్_పాలమూరు

అమ్మా, వద్దు. గట్టిగా చెప్తున్నాను. ఆ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తల నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండి, నిద్ర ముంచుకొస్తుంది, అంతే. సిలిండర్ గ్యాస్‌కు కావాలనే వాసన కలుపుతారు, లీకైతే తెలుస్తుంది. దీనికి ఆ రక్షణ లేదు. చలికాలంలో గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవకపోవడానికి కారణం ఇదే.

మీకు వేరే దారి ఉంది. పైనుంచి అంటించే గ్యాసిఫయర్ పొయ్యి. డబ్బాలో చిన్న చెక్క ముక్కలు నింపి, నెత్తిన నిప్పు పెడతారు. నిప్పు కిందికి దిగుతూ పోతుంది, పైకి లేచిన పొగ అంచు కన్నాల గాలితో కలిసి గిన్నె కిందే మండుతుంది. పొగ బాగా తక్కువ. చివర్లో బొగ్గు మిగులుతుంది, దాన్ని ఆర్పి దాచుకోవచ్చు. అది కూడా చూరు కిందో, పొగగొట్టం ఉన్న చోటో పెట్టాలి, తలుపులు మూసిన గదిలో కాదు. పొయ్యిలో వృథా అయ్యే వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటే, సుమారు నాలుగు కిలోల ఎండు కట్టె ఒక కిలో సిలిండర్ గ్యాస్‌తో సమానం.

చెలకరైతు_నారాయణపేట

ఇంత సేపూ కట్టె గురించే మాట్లాడుతున్నారు, మా పత్తి కట్టె, కంది కట్టె సంగతి కూడా చూడండి. యాసంగి మొదట్లో సాయంత్రం రోడ్డు మీద పోతే రెండు పక్కలా పత్తి కట్టె తగలబెడుతుంటారు. నేనూ తగలబెట్టినవాణ్నే. ఇప్పుడు మానేశాను.

హైదరాబాద్‌లోని CRIDA, అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, డ్రమ్ముతో చవకైన బయోచార్ (నేలకు వేసే బొగ్గు) బట్టీ తయారుచేసింది. పత్తి, కంది, ఆముదం, మక్క కట్టెలకు పనికొస్తుంది. నేను దానికంటే సులువుగా గుంతలో చేస్తున్నాను. గిన్నె ఆకారంలో గుంత తవ్వి, అడుగున చిన్న మంట పెట్టి, ఎండిన పత్తి కట్టెను కొద్దికొద్దిగా పైన వేస్తూ పోవాలి. పై మంట కింది పొగను కాల్చేస్తుంది, కింది దానికి గాలి అందదు, బొగ్గవుతుంది. పైన తెల్ల బూడిద కనిపించగానే తర్వాతి పొర వేయాలి. గుంత నిండాక నీళ్లు కొట్టాలి.

మాది ఎర్ర చెలక. నీళ్లు పెడితే గంటలో కిందికి పోతాయి. ఆ బొగ్గును పేడ, పశువుల మూత్రంలో మూడు వారాలు నానబెట్టి చేనుకు వేశాను. ఉత్త బొగ్గు వేయొద్దు, అది మొదట నేలలోని నత్రజనిని తనే పట్టుకుని పైరును పసుపు చేస్తుంది. నాకు మొదటి ఏడు అదే జరిగింది, ఒక మడి కంది పాలిపోయింది. నానబెట్టి వేసిన మడిలో ఇప్పుడు రెండో ఏడు, వాన ఎడం వచ్చినా తడి నిలుస్తోంది. చవుడు నేల ఉన్నవాళ్లు మాత్రం ఆగండి, బొగ్గు క్షారం, చవుడును ఇంకా పెంచుతుంది.

మర్రిగూడ_మల్లెతీగ

సార్, మాది ఫ్లోరైడ్ ప్రాంతం. మా నాయనమ్మ నడుము వంగిపోయి పోయింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, పొలం దగ్గర బోరు నీళ్లే తాగుతాం. ఈ బొగ్గుతో నీళ్లు వడపోస్తే ఫ్లోరైడ్ పోతుందా? ఊళ్లో ఒకాయన పోతుందని చెప్తున్నాడు.

కెమిస్ట్రీ_సార్_పాలమూరు

పోదమ్మా. కట్టె బొగ్గు వాసనను, కొన్ని రంగులను పట్టుకుంటుంది, ఫ్లోరైడ్‌ను పట్టుకోదు. ఫ్లోరైడ్‌ను పట్టుకునేది ఎముక బొగ్గు, అందులో కాల్షియం ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి మీ జిల్లా పేరుతోనే నల్గొండ టెక్నిక్‌గా ప్రపంచానికి తెలుసు, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది. పొలానికి పోయేటప్పుడు ఇంటి నుంచి మిషన్ భగీరథ నల్లా నీళ్లు క్యాన్‌లో తీసుకుపోండి. పిల్లలకు మరీ ముఖ్యం. నీళ్లు తేటగా కనిపిస్తున్నాయని బొగ్గు వడపోతను నమ్మి మోసపోవద్దు.

అచ్చంపేట_అడవిదారి

నేను అటవీ శాఖలో కింది స్థాయి ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను. బొగ్గు రేటు చూసి కొత్తవాళ్లు ఈ పనిలోకి దిగుతారు కాబట్టి చెప్తున్నాను. వేస్ట్ కట్టె అంటే వేస్ట్ కట్టె మాత్రమే కావాలి. మిల్లు చెక్క, పత్తి కట్టె, పీకేసిన బత్తాయి తోట మోళ్లు, సర్కారు తుమ్మ, ఇవి ఉన్నంత ఉన్నాయి. బట్టీ పెట్టాక అది రోజూ ఆకలి అంటుంది. అప్పుడు కళ్లు పక్కనున్న వేప మీద, ఇప్ప మీద, తర్వాత నల్లమల మీద పడతాయి. అమ్రాబాద్ అంచున ఎన్ని చూశానో.

2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం సొంత పట్టాలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. ఏ చెట్టుకు మినహాయింపు ఉందో, రవాణాకు ఏ కాగితం కావాలో రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. పెద్ద ఎత్తున చేస్తే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా. సర్కారు తుమ్మ విషయంలో మాత్రం నా మనసులో మాట: చెరువు శిఖాల్లో అది పెరిగి పశువుకు మేత లేకుండా చేసింది, దాన్ని వేరుతో సహా తీసేవాడికి నేను దండం పెడతాను. పైన కొట్టి వదిలేస్తే మోడు నుంచి పది కొమ్మలు వస్తాయి.

మిర్యాలగూడ_బాయిలర్

మాకు దగ్గర్లో దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు ఉంది. రాతి బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంట్లలో 5 శాతం బయోమాస్ (కట్టె, పంట వ్యర్థాల) గుళికలు కలపాలని కేంద్రం 2021లో విధానం పెట్టింది. కట్టెను 200 నుంచి 300 డిగ్రీల మధ్య సగం వేయించినట్టు చేస్తే నీళ్లు పీల్చని, సులువుగా పొడి అయ్యే సరుకు అవుతుంది, దాన్ని టారిఫాక్షన్ అంటారు. అలాంటి గుళికలు బాయిలర్‌కు బాగా పనికొస్తాయి. మన జిల్లా పత్తి కట్టె, మన జిల్లాలోనే గుళికలై, మన జిల్లా ప్లాంటుకే పోవాలని నా కోరిక. ఒక్కడితో అయ్యేది కాదు, రైతు సంఘాలు పూనుకోవాలి.

కోతమిల్లు_దేవరకొండ

నెల తర్వాత రాస్తున్నా. డ్రమ్ము పొయ్యి కట్టాను. ఇప్పటికి తొమ్మిది సార్లు కాల్చాను.

మొదటి రెండు సార్లు సరిగా రాలేదు. చెక్క పచ్చిగా ఉంది. మూడు గంటలు మంట పెట్టినా ఆవిరే తప్ప గ్యాస్ అంటుకోలేదు, కింద కాల్చిన కట్టె లోపలి కట్టెకంటే ఎక్కువైంది. తర్వాత చెక్కలు సన్నగా కోసి, ఆ పాత గోదాములోనే వారం ఆరబెట్టి వేశాను. గంటా పది నిమిషాలకు కన్నాల్లోంచి భగ్గున మంటలు లేచాయి. సార్, ఆ క్షణం చెప్పలేను. కింద కట్టె లాగేశాను, అయినా దాదాపు గంటన్నర అదే మండింది. మొదట పసుపు మంట, చివర్లో నీలం. గొట్టం మీద పొగ ఉందా లేదా అని నాన్న రోడ్డు అవతలికి వెళ్లి చూసి వచ్చాడు. మొదటి పది పదిహేను నిమిషాల్లో తప్ప లేదు. కోప్పడిన పెద్దావిడను పిలిచి చూపించాను.

చివరిసారి 58 కిలోల చెక్క వేస్తే 15 కిలోల బొగ్గు వచ్చింది. బూడిద దాదాపు లేదు. వేడి గాలిని రేకు పైపుల గుండా గోదాములోకి తిప్పాను, లోపల 55 డిగ్రీలు చూపించింది. వేప పలకలు పదకొండు రోజుల్లో ఆరాయి. రెండు పలకలు చివర్లో పగిలాయి, వేడి తొందరగా పెంచానేమో. పొట్టు మాత్రం డ్రమ్ములో ఉడకడం లేదు, మధ్యలో పచ్చిగానే ఉంటోంది.

పైపు వంపు దగ్గర గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి, ఘాటు సిర్కా వాసన. పక్క రైతు పురుగు మందుగా కొడతానని అడుగుతున్నాడు.

కెమిస్ట్రీ_సార్_పాలమూరు

శభాష్ తమ్ముడూ. పొట్టు గట్టిగా సర్దుకుంటుంది కాబట్టి వేడి లోపలికి పోదు. దాన్ని పశువుల కొట్టంలో పరుపుగా వేసి ఎరువు చేయమను, లేదా ఇటుకల్లా ఒత్తి కాల్చాలి. ఆ నీళ్లలో ఎసిటిక్ ఆమ్లంతో పాటు మిథనాల్, తారు ఉంటాయి. మిథనాల్ తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. సీసాల్లో నింపి ఇంట్లో పెట్టొద్దు, పైరు మీద కొట్టనివ్వొద్దు, బావి దగ్గర పారబోయొద్దు. వంపు దగ్గర ఇటుకలు పేర్చి వేడి నిలిచేలా చెయ్, ఆవిరి అక్కడ చల్లారకుండా పొయ్యిలోకే వెళ్లి కాలిపోతుంది.

పలకల సంగతి బాయిలర్ గారు చెప్పాలి.

మిర్యాలగూడ_బాయిలర్

మొదటి మూడు రోజులు 40 దాటనివ్వకు. పలక రెండు చివర్లకూ పాత పెయింటు గానీ మైనం గానీ పూయి, తడి చివర నుంచి తొందరగా పోకుండా ఉంటుంది. గదిలో ఒక బకెట్ నీళ్లు పెట్టు.

బట్టీబిడ్డ_కల్వకుర్తి

అన్నా, నీ పోస్టు మొత్తం మా నాన్నకు చదివి వినిపించాను. డ్రమ్ము ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. పొగగొట్టం మీద ఏమీ లేకపోతే అయిందని ఎట్ల తెలుస్తుందని అడిగాడు. మంట రంగు చూసి అని చెప్పాను. తల ఊపాడు కానీ నమ్మలేదు. రెండు బొగ్గు ముక్కలు ఒకదానికొకటి కొట్టి ఆ చప్పుడు వినిపించమంటున్నాడు. బాగా కాలిన బొగ్గు గాజులా ఖంగుమంటుందట. పంపిస్తావా?

కోతమిల్లు_దేవరకొండ

పంపించాను అక్కా. మూడు ముక్కలవి, మూడు వేర్వేరు సార్లు కాల్చినవి. పెద్దాయనను వినమనండి.

బట్టీబిడ్డ_కల్వకుర్తి

విన్నాడు. మొదటి రెండూ పచ్చివే అన్నాడు. మూడోది బాగుంది, అయినా ఇంకో అరగంట ఉంచాల్సింది అంటున్నాడు. మొద్దు ముక్కలు మధ్యలో, సన్నవి చుట్టూ పేర్చావా, లేక కలిపి వేశావా అని అడగమంటున్నాడు.

కోతమిల్లు_దేవరకొండ

కలిపే వేశాను. రేపటి డ్రమ్ము పెద్దాయన చెప్పినట్టే పేరుస్తా.